కడవెండి: నేల, నీరు, పట్టా

ఒక ఊరి చరిత్రను తెలుసుకోదలచినవారు ముందుగా ఆ ఊరి నేలను చూడాలి. ఆ నేలలో ఏ పంట పండుతుంది, దానికి నీరు ఎక్కడి నుండి వస్తుంది, ఆ నేల ఎవరి పేర రాసి ఉంది అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే ఆ ఊరి చరిత్రలో సగం తెలిసినట్లే. జనగామ జిల్లా, దేవరుప్పుల మండలంలోని కడవెండి ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ చక్రవర్తులు రాజధానులు కట్టలేదు, పెద్ద యుద్ధాలు జరగలేదు. అయినా తెలంగాణ రైతాంగ పోరాటాన్ని గురించి రాసిన ప్రతి గ్రంథంలోనూ ఆ ఊరి పేరు కనిపిస్తుంది.

జనగామ ప్రాంతం దక్కను పీఠభూమిలో భాగం. ఉత్తరాన తరిగొప్పుల, నర్మెట మొదలుకొని ఆగ్నేయాన దేవరుప్పుల, కొడకండ్ల వరకు ఎటు చూసినా రాతి గుట్టలు, బండలు, ఎర్రని చెలక భూములు, వాటి నడుమ తాటిచెట్లు కనిపిస్తాయి. ఇది కృష్ణా గోదావరుల మధ్యనున్న మెట్ట ప్రాంతం. రెండు మహానదుల నడుమ ఉండి కూడా రెండింటి నీటికీ దూరమైన నేల ఇది. నైరుతి రుతుపవనాలు కరుణిస్తే పంట, లేకుంటే కరవు. వాగులు వానాకాలంలో పొంగి వేసవి నాటికి ఇసుక మేటలుగా మిగులుతాయి.

అందుచేత ఈ ప్రాంతపు వ్యవసాయమంతా చెరువుల చుట్టూ అల్లుకొని ఉండేది. కాకతీయుల కాలం నుండి తెలంగాణలో చెరువు కట్టించడం పుణ్యకార్యంగానూ, పాలకుని కర్తవ్యంగానూ భావింపబడింది. రెండు గుట్టల మధ్య కట్ట వేసి వాననీటిని నిలిపి, తూము ద్వారా పొలాలకు వదిలేవారు. చెరువు కింద ఉన్న భూమిని తరి అనీ, వానపై ఆధారపడిన భూమిని ఖుష్కి అనీ రెవెన్యూ లెక్కలలో రాసేవారు. తరిలో వరి పండేది. ఖుష్కిలో జొన్న, ఆముదం, కంది వంటి మెట్టపంటలు వేసేవారు. తరి భూమి తక్కువ, దానిపై ఆశ ఎక్కువ. ఒక ఎకరం తరి చేతిలో ఉన్న కుటుంబానికీ, చెలక మాత్రమే ఉన్న కుటుంబానికీ జీవితంలో ఎంత తేడా ఉండేదో వ్యవసాయ కుటుంబాల నుండి వచ్చిన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతటి విలువైన తరి భూములు ఎవరి చేతిలో ఉండేవి? ఈ ప్రశ్నతో మనం భూగోళం నుండి చరిత్రలోకి ప్రవేశిస్తాము.

హైదరాబాదు సంస్థానంలో సుమారు అరవై శాతం భూమి ప్రభుత్వానికి నేరుగా శిస్తు కట్టే దివానీ భూమి. దాదాపు ముప్పై శాతం జాగీర్దారుల కింద, మిగిలినది నిజాం సొంత ఖర్చులకు ఉద్దేశించిన సర్ఫెఖాస్ కింద ఉండేవి. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగం వరకు శిస్తు వసూలు దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాల ద్వారా సాగేది. ప్రధాని మొదటి సాలార్‌జంగ్ 1860ల సంస్కరణలలో ఆ బాధ్యతను ప్రభుత్వ ఉద్యోగులకు అప్పగించి, దేశ్‌ముఖులకు నష్టపరిహారం ఏర్పాటు చేశాడు. వారి అధికారం మాత్రం తగ్గలేదు. తరువాత జరిగిన భూముల సర్వేలో, బందోబస్తులో రైతులు తరతరాలుగా దున్నుకొంటున్న అనేక భూములు దేశ్‌ముఖుల పేర నమోదయ్యాయి. దస్తావేజులు తొలుత ఫారసీలోనూ, తరువాత ఉర్దూలోనూ ఉండేవి. తెలుగు మాత్రమే తెలిసిన రైతుకు, చాలామంది విషయంలో ఆ చదువు కూడా లేని రైతుకు, తన భూమి కాగితంపై ఇంకొకరిదైన సంగతి తెలిసే మార్గమే లేదు. కత్తి లేకుండా కలంతో జరిగిన దురాక్రమణ అది.

ఆ రోజులలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. అక్కడి దేశ్‌ముఖులలో పేరుమోసినవాడు విసునూరు రాపాక రామచంద్రారెడ్డి. ఆయన ఆధీనంలో నలభై వేల ఎకరాల భూమి ఉండేదని పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో పేర్కొన్నాడు. కడవెండి గడీలో ఆయన తల్లి జానకమ్మ ఉండేది. ఊరివారు ఆమెను దొరసాని అని పిలిచేవారు. గడీ అంటే ఎత్తైన ప్రహరీ గల భవనం మాత్రమే కాదు. అదే కచేరీ, అదే న్యాయస్థానం, అదే ధాన్యాగారం. రైతులు దొర పొలం దున్నిన తరువాతనే తమ పొలం దున్నుకోవలసి వచ్చేది. వృత్తులవారు కూలి లేకుండా గడీకి పనిచేయాలి. దీనినే వెట్టిచాకిరి అన్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దీనికి బలవంతపు లెవీ తోడయింది. పెద్ద భూస్వాములు లెవీని తప్పించుకోగా, తిండిగింజలకే కొరతగా ఉన్న చిన్న రైతుల ఇండ్ల నుండి ధాన్యం కొలిపించుకొనిపోయేవారు.

1930లో జోగిపేటలో తొలి మహాసభ జరిపిన ఆంధ్ర మహాసభ క్రమంగా ఈ పల్లెలకు చేరింది. ప్రజలు దానిని సంఘం అన్న చిన్న మాటతోనే పిలుచుకొన్నారు. దేవరుప్పుల సమీపంలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే సామాన్య రైతు తన భూమి కోసం దేశ్‌ముఖుతో న్యాయస్థానంలో పోరాడి, గెలిచి, అనంతరం హత్యకు గురయ్యాడు. 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన మా భూమి నాటకానికి ఆయన కథ ప్రేరణ. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకొని పండించిన పంటను దేశ్‌ముఖు మనుషులు కాజేయబోగా, సంఘం కార్యకర్తలు అండగా నిలిచి ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఈ రెండు ఘట్టాలలోనూ వివాదం భూమి గురించి, పంట గురించి. సిద్ధాంతాలు తరువాత వచ్చాయి.

కడవెండిలో 1946 జూలై 4న జరిగినదీ ఇటువంటిదే. సంఘం నాయకుల ఇండ్లపై దేశ్‌ముఖు మనుషులు దాడికి దిగారు. ఊరి ప్రజలు కర్రలు, వడిసెలలు చేతబట్టి నినాదాలు చేస్తూ ఊరేగింపుగా కదిలారు. ఊరేగింపు గడీ సమీపానికి రాగానే కాల్పులు మొదలయ్యాయి. గొర్రెల కాపరుల కుటుంబంలో పుట్టిన దొడ్డి కొమరయ్య అక్కడికక్కడే మరణించాడు. ఆయన అన్న మల్లయ్య గాయపడ్డాడు. కొమరయ్య జన్మ సంవత్సరంగా చెప్పే 1927ను బట్టి చూస్తే అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు. ఈ పాఠం చదువుతున్న మీ కంటే రెండు మూడేళ్లు మాత్రమే పెద్ద.

తుపాకి శబ్దానికి జనం చెదరిపోతారని గడీవారు భావించి ఉంటారు. జరిగినది వేరు. ప్రజలు పారిపోలేదు, గడీని చుట్టుముట్టారు. ఈ వార్త ఊరూరా పాకింది. ఒక పల్లె జనం పక్క పల్లెకు ఊరేగింపుగా వెళ్లి అక్కడ సంఘం పెట్టించడం, వెట్టి చేయబోమని ప్రకటించడం సాగింది. కర్రలు పట్టిన ఈ సంఘాన్ని గుత్పల సంఘం అన్నారు. అంతవరకు వినతిపత్రాలతో నడిచిన ఉద్యమం సాయుధ పోరాటంగా మారడానికి కడవెండి ఘటన మలుపు అయింది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. పోరాటం 1951 అక్టోబరు వరకు కొనసాగి విరమింపబడింది. పోరాట కాలంలో రైతులు పంచుకొన్న భూములలో కొన్ని తిరిగి భూస్వాముల చేతికి వెళ్లాయి, కొన్ని రైతుల వద్దనే నిలిచాయి. 1949లో జాగీర్దారీ వ్యవస్థ రద్దయింది. 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించింది. ఈ చట్టాలు దయతో వచ్చినవని చెప్పడం సత్యదూరం. వాటి వెనుక కడవెండి వంటి పల్లెల ఒత్తిడి ఉంది.

జనగామ ఆ తరువాత వరంగల్ జిల్లాలో చేరింది. 2016 అక్టోబరులో ప్రత్యేక జిల్లా అయింది. తరిగొప్పుల మండలం కూడా ఆ పునర్వ్యవస్థీకరణలోనే ఏర్పడింది. గోదావరి నీటిని ఎత్తిపోసి ఈ మెట్ట ప్రాంతానికి తరలించడానికి దేవాదుల పథకాన్ని చేపట్టారు. మోట బావుల స్థానంలో బోరుబావులు వచ్చి, ఒకనాటి చెలకలలో సైతం వరి నాట్లు పడుతున్నాయి. కడవెండిలో దొడ్డి కొమరయ్య స్మారక స్థూపం ఉంది.

భూమి ఎవరి పేర ఉన్నదో నిర్ధారించడానికి ఊరూరా భూములను పరిశీలించి 1954–55లో ఖాస్రా పహాణీ తయారు చేశారు. తెలంగాణలో భూవివాదం వస్తే న్యాయవాదులు నేటికీ మొదట వెదికే కాగితాలలో అది ఒకటి. ఒక్కొక్క సర్వే నంబరు ఎదుట పట్టాదారు పేరూ, వాస్తవంగా సాగుచేస్తున్నవారి పేరూ అందులో వేరు వేరుగా రాసి ఉంటాయి.