మైల్స్ పాట, మా గరాజ్ బీరు

న్యూజెర్సీలో మా గరాజ్‌లో పాతికేళ్లుగా బీరు కాస్తున్నాను. ‘జాజ్ విన్నట్టు అనిపించే బీరు ఒకటి చెయ్యాలంటే ఎలా బాబాయ్?’ అని పిల్లలు అడుగుతుంటారు. మైల్స్ డేవిస్ 1959లో చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో మొదటి పాట ‘సో వాట్’ను మనసులో పెట్టుకుని నేను చేసిన బీరు నేర్పిన పాఠాలివి.

1. ముందు పాట నిర్మాణం చూడండి. సో వాట్ నడిచే డోరియన్ మోడ్ అంటే మన ఖరహరప్రియ స్వరాలే. 32 బార్లలో మొదటి 16 ఒక శ్రుతిలో, తర్వాతి 8 అర స్వరం పైన, చివరి 8 మళ్లీ మొదటి చోట. సరంజామా అంతే. దానిమీదే తొమ్మిది నిమిషాలు వాయించారు.

2. వాద్యానికో దినుసు చొప్పున వెయ్యకండి. ఆ పాటలో ఆరుగురున్నారు కదా అని మొదటిసారి నేను ఆరు రకాల మాల్టు కలిపాను. బురదనీళ్ల రంగు వచ్చింది, ఏ రుచీ విడిగా తెలియలేదు. మైల్స్ స్టూడియోకి తెచ్చింది నాలుగు గీతల చిత్తుప్రతి మాత్రమేనని తర్వాత చదివాక రెసిపీ మొత్తం కొట్టేశాను. ఇప్పుడు 19 లీటర్లకు నాలుగు కిలోల పిల్స్‌నర్ మాల్టు, అరకిలో మ్యూనిక్, హాప్స్ సాజ్ ఒక్కటే. పాటలో పల్లవి ఎత్తుకునేది పాల్ చాంబర్స్ బాస్. బీరులో ఆ పని పిల్స్‌నర్‌ది. మాల్టును 65 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో గంటసేపు నానబెడితే ఈస్టు తినగలిగే చక్కెరలు బాగా దిగుతాయి.

3. ఇక మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లుకునే స్వేచ్ఛ, ఈస్టుది. నేను వాడేది బెల్జియం సేజాన్ ఈస్టు. దీన్ని 20 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, మెల్లగా 27 దాకా ఎక్కనిస్తాను. రెండో రోజు ఎయిర్‌లాక్ దగ్గర ముక్కు పెడితే మిరియాల ఘాటు, నారింజ తొక్క వాసన వస్తాయి. నేను మిరియమూ వెయ్యలేదు, నారింజా వెయ్యలేదు. చప్పటి, తేలికైన మాల్టు కింద ఉంది కాబట్టే ఆ వాసన పైకి తేలింది. కాచేవాళ్లు తాళం తప్పకుండా చూసుకుంటే చాలు.

4. ఆగిన చోట తొందరపడకండి. సేజాన్ ఈస్టు కొన్నిసార్లు సగం దారిలో నిలిచిపోయినట్టుంటుంది. బుడగలు ఆగాయని ఒకసారి సీసాల్లో పోసేశాను, లోపల ఈస్టు ఇంకా పని చేస్తూనే ఉంది. పదో రోజు రాత్రి రెండు సీసాలు పేలాయి, గాజు పెంకులు గోడదాకా ఎగిరాయి. అదృష్టం, ఆ సమయానికి మా మనవరాలు అక్కడ లేదు. అప్పటినుంచి బుడగల్ని నమ్మడం మానేశాను. గ్రావిటీ (నీటితో పోల్చిన సాంద్రత) 1.054 దగ్గర మొదలై 1.006 చుట్టుపక్కలకు దిగాలి. మూడు రోజులు వరుసగా హైడ్రోమీటర్ అదే అంకె చూపిస్తేనే సీసా ముట్టుకుంటాను.

5. మరిగాక వర్ట్‌కి (మాల్టు రసానికి) తగిలే ప్రతి గొట్టాన్నీ, గరిటెనీ శానిటైజర్‌లో ముంచండి. ఇందులో ఎవరి మనోధర్మానికీ చోటు లేదు.

6. అమెరికాలో ఇంట్లో బీరు కాయడానికి ఫెడరల్ చట్టం 1978లో దారి ఇచ్చింది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్ల దాకా, ఇద్దరు పెద్దవాళ్లుంటే 200. అమ్మకూడదు. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడం నేరం. అక్కడున్న నా వాళ్లు దయచేసి పాట మాత్రం వినండి. బీరు నేను ఇక్కడ పోస్తాను, వచ్చినప్పుడు.