విరామకాలమున చదువఁదగిన పుస్తకములు

పరీక్షలు ముగిసినతోడనే పుస్తకములను మూటగట్టి యటకమీఁద వేయుట మన విద్యార్థులకు వాడుకయై యున్నది. పాఠ్యపుస్తకములు మార్కులకొఱకు చదువఁబడును. విరామకాలమున చదివిన పుస్తకమునకు మార్కులు లేవు. అయినను స్వభావమును దిద్దుటలో రెండవదియే యెక్కువ పనిచేయునని మా యభిప్రాయము. కావున బాలబాలికలకు కొన్ని గ్రంథములను సూచింపఁ దలఁచితిమి.

మొదట మన పట్టణపు సంగతి యొకటి చెప్పెదము. 1805లో లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను నిరువురు విశాఖపట్టణమునకు వచ్చి, తెలుఁగు నేర్చికొని, సువార్తలను తెలిఁగింపఁ బూనిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చగునప్పటికి వారిలో నొక్కరును జీవించి లేరు. పరదేశీయులు తాము కన్నులఁ జూడని పుస్తకమునకై యంత పాటుపడఁగా, తల్లియొడిలోనే యీ భాషను పొందిన మనము ఒక తెలుఁగు గ్రంథమును తుదిముట్టఁ జదువలేకుండుట న్యాయమా?

చిన్న తరగతులవారు పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రికతో ప్రారంభింపవచ్చును. 1853లో వెలువడిన యీ గ్రంథమున మిత్రలాభము, మిత్రభేదము అను భాగములు గలవు. భాష కొంత కఠినమైనను, మృగపక్షుల కథలగుటచే ముందునకు చదువవలెనను కోరిక పుట్టును.

పిమ్మట కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖరచరిత్రము. ముఖస్తుతులను నమ్మి, బంగారము చేసెదనన్న బైరాగిచే మోసపోయి, ధనవంతుఁడు దరిద్రుఁడగుట యిందలి కథ. నేఁడు ఫోనుమీఁద ధనమును రెట్టింపు చేసెదమనువారి వలలోఁ బడువారెందరో గలరు. అట్టివారు ముందే యీ పుస్తకమును చదివియుండిన కొంత మేలుకొనియుందురు.

జీవితచరిత్రలలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము చదువఁదగినది. 1906లో స్థాపింపఁబడిన విజ్ఞానచంద్రికా మండలివారు దీనిని ప్రకటించిరి. లింకను బాల్యమున ఎరువు తెచ్చిన పుస్తకము వానకుఁ దడిసిపోఁగా, దాని వెలకు బదులు యజమానుని పొలమున పనిచేసెనని ప్రసిద్ధి. ఇంట పుస్తకములు లేవని చింతించు విద్యార్థి యీ సంగతిని మఱవరాదు.

పై తరగతులవారు రెండు గ్రంథములను తప్పక చదువవలెను. మొదటిది గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము. 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపఁబడినది. ఇందు వినఁబడునది మన సీమ వాడుకమాట గనుక, నలుగురు కూర్చుండి పాత్రలు పంచుకొని బిగ్గరగాఁ జదివిన రసము హెచ్చును. నవ్వించుచునే బాలికలను ధనమునకమ్ము దురాచారమును ఖండించును. రెండవది 1941లో వెలువడిన గుఱ్ఱము జాషువగారి గబ్బిలము. అంటరానివాఁడని త్రోసివేయఁబడిన పేదవాఁడు తన మొఱను కాశీనాథునికి గబ్బిలముచేత పంపును. కోవెలలోనికి అతనికి లేని ప్రవేశము గబ్బిలమునకుఁ గలదు! ఈ యొక్క సంగతిని ఆలోచించినను చాలును.

పఠనవిధానమును గూర్చి యొక మాట. దినమునకు పది పుటలు చదివినచో, రెండువందల పుటల గ్రంథము ఇరువది దినములలో ముగియును. ఆ యరగంటసేపు ఫోనును వేఱొక గదిలో నుంచుఁడు. తెలియని పదములను వ్రాసికొని, బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరమున వెదకుఁడు. పుస్తకము ముగిసిన పిదప దాని సారమును ఇంట నొకరికి చెప్పుఁడు. చెప్పలేని చోట మరల చదువుఁడు.

విద్యార్థులారా! పది పుస్తకముల పేరులు తెలిసికొనుటకంటె నొకదానిని పూర్తిగాఁ జదువుట మేలు. సెలవులకు ముందే పాఠశాల గ్రంథాలయమునకుఁ బోయి, పైవానిలో నొకదానిని చేతఁ బుచ్చుకొని యింటికిఁ బొండు.