చుట్ట కొని రీళ్ళు నింపుకుందాం

ఇప్పుడు అందరి చేతిలో సెల్‌ఫోన్ ఉంది. అయినా ఫిల్ము కెమెరాతో ఫోటోలు తీసేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఫిల్ము ఖరీదు ఎక్కువ. బియ్యం బస్తాగా కొంటే చవక గదా! ఫిల్ము కూడా అంతే.

పెద్ద చుట్ట 100 అడుగులు ఉంటుంది. 36 ఫోటోల రీలుకు ఐదున్నర అడుగులు చాలు. ఎన్ని రీళ్ళు వస్తాయి? లెక్క వేయండి. 18 వస్తాయి.

మూత ఊడే ఖాళీ డబ్బీలు కావాలి. వాటిని మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. ఒక నల్ల పెట్టె కూడా కావాలి. దాన్ని లోడరు అంటారు.

ముందు గది చీకటి చేయాలి. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాలి. ఎర్ర లైటు కూడా వద్దు. ఫోటో కాగితానికి అది పనికొస్తుంది, ఫిల్ముకు పడదు. తడుముకుంటూ చుట్టను లోడరులో పెట్టి మూత బిగించాలి. ఇక లైటు వేసుకోవచ్చు. బయటికొచ్చిన ఫిల్ము కొసను డబ్బీ ఇరుసుకు టేపుతో గట్టిగా అతికించాలి. డబ్బీ మూసి, లోడరు తలుపు వేసి, పిడి తిప్పాలి.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. అతికించిన కొసకు వెలుతురు తగులుతుంది. కెమెరాలో చివరి ఫోటో పడేది ఆ కొస దగ్గరే!

మా కేంద్రంలో ఒక అవ్వ మొదటిసారి సంతకం పెట్టింది. ఆమెది 36వ ఫోటో. కడిగి చూస్తే 35 బాగా వచ్చాయి. అవ్వ ఉండాల్సిన చోట ఫిల్ము నల్లగా ఉంది.

"టీచరమ్మా, నా పొటో రాలేదా?" అని రోజూ అడిగేది.

మళ్ళీ సంతకం పెట్టించి తీశాను. ఈసారి కొత్త రీలులో, మొదటి ఫోటోగా. ఇప్పుడు 34 దగ్గరే ఆపేస్తాను.