గొలుసు రంపమునకు బెంచి గ్రైండరుపై పదును పెట్టుట

పట్టిసీమ, పోలవరము ప్రాంతములలో కొబ్బరి, మామిడి, సరుగుడు, జామాయిలు తోటలుగల రైతులు పలువురు నేడు పెట్రోలుతో నడచు గొలుసు రంపమును వాడుచున్నారు. దీనినే చైన్ సా అందురు. గాలివానకు కూలిన చెట్లను ముక్కలు చేయుటకును, ముదిరిన తోటను నరికి కర్ర అమ్ముటకును ఇది మిక్కిలి ఉపకరించును. కాని రంపము కొనుటయందున్న శ్రద్ధ దాని పదునుపై చాలమందికి ఉండదు. మొద్దుబారిన గొలుసుతో కోయువాడు రంపమును బలముగా అదిమి పట్టవలసివచ్చును. చేతులు అలసిపోవును, పెట్రోలు వృథా యగును. అలసిన చేతులలో రంపము ఒక్కసారి ఎగదన్నినచో ఏమి జరుగునో వేరుగా చెప్పనక్కరలేదు.

గొలుసు పదును రాలెడి పొట్టును చూచి తెలిసికొనవచ్చును. పదునుగల గొలుసు చిన్న చిన్న పేళ్ళను రాల్చును. పిండివంటి పొడి రాలుచున్నను, కోతలో పొగ వచ్చుచున్నను పని ఆపివేయుడు. యంత్రము నిలిపి, పంటి అంచును వెలుతురుకు త్రిప్పి చూడుడు. అంచు వెంబడి తెల్లని గీత మెరసినచో ఆ పన్ను మొద్దుబారినదని అర్థము. పదునుగల అంచు మెరయదు.

మన ప్రాంతమున పదును త్వరగా పోవుటకు ముఖ్యకారణము ఇసుక. గోదావరి వరదలో కొట్టుకొనివచ్చిన దుంగల బెరడులో ఇసుక, ఒండ్రు ఇమిడియుండును. అట్టి దుంగను కోయుటకు ముందు కోత పడుచోట బెరడును గొడ్డలితో చెక్కివేయుట మంచిది. నేలపై పడియున్న మానును కోయునపుడు గొలుసు ఒక్క క్షణము మట్టికి తగిలినను చాలును, పళ్ళన్నియు పాడగును. కొబ్బరి, తాటి మానులను మెత్తని కర్ర అనుకొనువారు మోసపోవుదురు. వీని లోపలి భాగము మెత్తనిదే గాని, వెలుపలి భాగము గట్టి నారతో నిండి, ఇసుకలో ఉండు సిలికానే తనలోను కలిగియుండును.

ఇక పంటి సంగతి. 1946లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అను కలపకోత పనివాడు ఒక మొద్దును తొలుచుచున్న పురుగును గమనించెను. దాని దవడలు ఎడమకు కుడికి మార్చి మార్చి కర్రను కొరుకుచుండెను. ఆ తీరునే అతడు గొలుసు పళ్ళకు తెచ్చెను. మామిడి కాండమును తొలుచు పురుగుతో వేగుచున్న మన రైతులకు, ఆ జాతి పురుగు ఒకటి ఇట్లు మేలుచేసినదనుట వింతగా తోచవచ్చును. మీ గొలుసును చూచినచో ఒక పన్ను ఎడమకు, తరువాతిది కుడికి తిరిగియుండును. ప్రతి పంటికి ముందు ఒక చిన్న మిట్ట ఉండును. పన్ను కర్రలోనికి ఎంత లోతు దిగవలెనో నిర్ణయించునది ఆ మిట్టయే.

ఇచట బెంచి గ్రైండరు అనగా కత్తులు, గునపములు నూరెడి రెండు చక్రముల గ్రైండరు కాదు. గొలుసును బిగించు వైసును, కోణములు గుర్తించిన పలకలును, పైనుండి క్రిందికి వంచు సన్నని చక్రమును గలది. మామూలు గ్రైండరుపై గొలుసును చేతబట్టి తాకించినచో ఏ రెండు పళ్ళును ఒక తీరుగా రావు. అయితే ఈ యంత్రమునకును ఒక దోషము కలదు. కోణము సరిగా పెట్టినచో అన్ని పళ్ళను సరిగా నూరును. తప్పుగా పెట్టినచో అంతే శ్రద్ధగా అన్నిటిని పాడుచేయును. కావున చక్రమును తిప్పుటకు ముందు పట్టు సమయమే అసలు పని.

పెట్టవలసిన కోణములు మూడు. మొదటిది వైసును ప్రక్కకు త్రిప్పు కోణము. అడ్డకోతకు వాడు గొలుసులకు సాధారణముగా ఇది 30 డిగ్రీలు. చాల గొలుసుల పంటి వెనుకభాగమున ఒక వాలుగీత చెక్కియుండును. ఆ గీతకు సమముగా అంచు వచ్చినచో కోణము సరిపోయినట్లే. ఎండిన చింత, కొబ్బరి, తాటి మానులను ఎక్కువగా కోయువారు 25 డిగ్రీలు పెట్టుకొనవచ్చును. కోత కొంచెము నెమ్మదించినను అంచు ఎక్కువసేపు నిలుచును. దుంగను నిలువున చీల్చి పలకలు తీయు గొలుసునకు 10 డిగ్రీలు చాలును. రెండవది చక్రమును మోయు తలను వంచు కోణము. ఇది గొలుసు రకమునుబట్టి 55 లేక 60 డిగ్రీలు. మూడవది వైసును క్రిందికి వాల్చు కోణము. కొన్నిటికి 0, కొన్నిటికి 10 డిగ్రీలు. ఈ అంకెలు గొలుసు వచ్చిన పెట్టెపై ఉండును. ఆ పెట్టెను పారవేయకుడు.

చక్రపు మందము కూడ గొలుసునుబట్టియే ఉండవలెను. చిన్న రంపముల గొలుసులకు 3.2 మిల్లీమీటర్లది, పెద్ద రంపముల గొలుసులకు 4.7 మిల్లీమీటర్లది వాడుదురు. చక్రమును బిగించుటకు ముందు వ్రేలికి తగిలించి కఱ్ఱపిడితో మెల్లగా తట్టుడు. ఖంగున మ్రోగవలెను. బొంగురుగా పలికినచో అందులో చీలిక ఉన్నదని తలచి పారవేయుడు. చక్రముపై వ్రాసిన వేగపరిమితి యంత్రపు వేగమునకు తక్కువ కారాదు. మొదట ఒక నిమిషము వట్టిగా తిప్పి, అంతవరకు ప్రక్కన నిలువుడు. కళ్ళద్దములు తప్పనిసరి. మెడపై కండువాతో ఈ పనికి దిగరాదు.

గొలుసును కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరిన పిదపనే నిప్పురవ్వల దగ్గరకు తెండు. పళ్ళలో మిక్కిలి పొట్టిదానిని వెదకి, దానితో మొదలుపెట్టవలెను. ఆ పన్ను సరిగా పదునెక్కునట్లు యంత్రపు ఆపును బిగించి, తక్కిన పళ్ళన్నిటిని దాని కొలతకే తేవలెను. పొడుగు పళ్ళు కొన్ని, పొట్టి పళ్ళు కొన్ని ఉన్నచో కోత వంకరపోవును, రంపము అదురును. మొదలుపెట్టిన పంటికి సుద్దతో గుర్తు పెట్టినచో లెక్క తప్పదు. 18 అంగుళముల రంపమునకు సుమారు 32 నుండి 36 పళ్ళుండును. ముందు ఒక ప్రక్క పళ్ళన్నియు ముగించి, వైసును రెండవ ప్రక్కకు త్రిప్పుడు. త్రిప్పిన తరువాత మొదటి పంటిని నూరి, దాని పొడవును ఆవలి ప్రక్క పంటితో కొలిచి చూడుడు. ఇచటనే తేడా వచ్చుచుండును.

చక్రమును పంటిపై అదిమి ఉంచరాదు. తాకించి తీయవలెను, మరల తాకించి తీయవలెను. వేడెక్కి అంచు నీలిరంగునకు తిరిగినచో ఉక్కు పాయనము చెడినదే. కొడవలి విషయమున ఇది మీ ఊరి కమ్మరి ఎరిగినదే. పాయనము చెడిన అంచు గట్టిపడి ఆకురాయికి లొంగకపోవచ్చును, లేక మెత్తబడి వెంటనే మొద్దుబారవచ్చును. వేడి పంటిని నీట ముంచినను ప్రయోజనము లేదు. చక్రపు ముఖము నునుపెక్కినచో వేడి హెచ్చును. దానిని సరిచేయు రాతితో అప్పుడప్పుడు గరుకు చేయుచుండవలెను. చక్రము పంటి క్రింది పట్టీలకు తగులరాదు.

పంటి పైభాగము వెనుకకు వాలుగా ఉండును. కావున నూరినకొలది పన్ను పొట్టిదగుటేగాక ఎత్తును తగ్గును. ముందు మిట్ట మాత్రము అట్లే నిలుచుటచే పన్ను కర్రను అందుకొనదు. కొన్నిసార్లు పదునుపెట్టిన పిదప గేజితో చూచి, చాల గొలుసులకు మిట్ట పంటికన్న సుమారు 0.65 మిల్లీమీటరు క్రిందుండునట్లు చదును ఆకురాయితో దించి, దాని ముందంచును గుండ్రము చేయుడు. కోత వేగము పెరుగునని ఇంకను దించువారు కలరు. అది ప్రమాదకరము. పన్ను ఎక్కువ లోతు దిగి పట్టుకొని, రంపము మనిషి మీదికి ఎగదన్నును.

ఒక్క రంపము గల రైతు గ్రైండరు కొననక్కరలేదు. నలుగురైదుగురు కలిసి ఒకటి ఉంచుకొనవచ్చును. పెట్రోలు పోసినప్పుడెల్ల గుండ్రటి ఆకురాయితో రెండు మూడు తోపులు చాలును. మేకుకో రాతికో తగిలి పళ్ళు చెడినపుడును, ఆకురాయితో కోణములు తప్పినపుడును గ్రైండరు కావలెను.

నూరిన గొలుసుకు అంటిన ఇనుపరజను దులిపి, మరల కడిగి, ఒక రాత్రి నూనెలో నాననిచ్చి బిగించుడు. వెనుక చెక్కిన గీతవరకు పళ్ళు అరిగినచో ఆ గొలుసును వాడరాదు. ఒక్క లింకులో చీలిక కనిపించినను అంతే.