మినిట్స్ చదివేదాకా ఉండు తల్లీ

బుజ్జీ,

చానల్లో ఉద్యోగం మానేశావని చెప్తూ మీ అమ్మ ఫోన్లో ఏడ్చింది. ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదమ్మా. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌లో విలేఖరి ముకేశ్ చంద్రాకర్ శవం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. అతనూ నీలాగే సొంత యూట్యూబ్ చానల్ నడిపినవాడే. అయినా మానెయ్యమని నేను అనను. ఒంటరిగా మాత్రం వెళ్ళకు. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పటికి వచ్చేదీ ఇద్దరికైనా చెప్పి బయల్దేరు.

నన్ను కలవరపెట్టింది నీ ఉత్తరంలోని ఇంకో మాట. ప్రజాభిప్రాయ సేకరణలో గొడవ మొదలవగానే అది చిత్రీకరించుకుని వచ్చేశానన్నావు. సగంలో రావడమేమిటి తల్లీ? అసలు పని చివర్లోనే ఉంది. పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) మీద 2006లో వచ్చిన నోటిఫికేషన్ తీసి చదువు. జనం అన్న మాటలన్నీ రాసి, సభ చివర తెలుగులో చదివి వినిపించాలి. ఆ మినిట్స్ మీద అదే రోజు కలెక్టరుదో, ఆయన ప్రతినిధిదో సంతకం పడాలి. సభకు ఇంతమంది రావాలన్న కోరం లేదు. జనం విసిగి లేచిపోయినా సభ జరిగినట్టే లెక్క. ‘మా చెరువు పోతుంది’ అని ఒక రైతు అన్నాడనుకో, మినిట్స్‌లో ఎక్కకపోతే ఢిల్లీలో ఆ మాట ఎవరికి వినపడుతుంది? చదివేదాకా కదలకు. చదివేది రికార్డు చెయ్యి. తర్వాత మినిట్స్ కాపీ సంపాదించి, నీ రికార్డింగుతో పోల్చి, తేడాలుంటే అవే వార్తగా వెయ్యి. కాపీ ఇవ్వనంటే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడుగు. ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చిందా, తేదీ రాసి పెట్టుకో. హరిత ట్రైబ్యునల్లో అప్పీలుకు గడువు 30 రోజులే. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు ఇవ్వొచ్చు గానీ దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల, అదే ఆ చిత్తడి నేల సంగతి నీకు చెప్పక్కర్లేదు. 2010 జూలై 14న, అక్కడ థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగిన రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. టీవీలు కాల్పులు చూపించాయి, చూపించాల్సిందే. బీల బీడు కాదని కాగితాలు పట్టుకుని వాదించినవాళ్ళ కష్టం మాత్రం కెమెరాలకు అంతగా చిక్కలేదు.

నేను పేపరుకు కంట్రిబ్యూటర్‌గా ఉన్న రోజుల్లో వార్తల కవరు ఆఖరి బస్సుకు ఇచ్చేవాణ్ణి. మీ నాన్న సైకిల్ తొక్కేవాడు, వెనక కూర్చుని నేను హెడ్డింగు దిద్దుకునేవాణ్ణి. ఆ బస్సు డ్రైవరు మా కోసం రెండు నిమిషాలు ఆగేవాడు, మహానుభావుడు.  అలా ఒకసారి చెరువులో చేపలు చచ్చిన వార్త పంపితే, అచ్చులో ఫ్యాక్టరీ పేరు ఎగిరిపోయింది. కొన్నాళ్ళకు నష్టపరిహారం కేసులో లాయరు అడిగింది పేపరు కటింగు కాదు. నా నోటుబుక్కులోని తేదీ, ఏ తూము దగ్గర నీళ్ళు పట్టామన్న వివరం. అందుకే నీ ఒరిజినల్ ఫుటేజీ ఎడిట్ చెయ్యకుండా రెండు చోట్ల దాచు.

నువ్వు పెట్టిన మత్స్యకారుల ముసలమ్మ వీడియో మళ్ళీ మళ్ళీ చూశాను. నువ్వు అడ్డు రాకుండా ఆవిణ్ణి చెప్పనిచ్చావు, ఎంత ముచ్చటేసిందో. నీ గొంతే బొంగురుగా ఉంది. వేళకు తింటున్నావా?

డబ్బు పంపుతున్నాను, వద్దనకు. నువ్వు ఎవరి మీద వార్త రాస్తున్నావో వాళ్ళ ప్రకటన మాత్రం తీసుకోకు, వాళ్ళ పోటీదారులదీ వద్దు.

వచ్చే సభ తేదీ తెలియగానే రాయి. ఈఐఏ సారాంశం పంచాయతీ ఆఫీసులో ఉంటుంది, ముందే తెచ్చి నాకో కాపీ పంపు. చదివి గుర్తులు పెట్టి ఉంచుతాను. ఆ రోజు నేనూ వస్తాను. రాత్రికి అమ్మకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాన్న