పాసుబుక్కు ఫైలు సైజు తగ్గించుకోవడం ఎలా? అంకె చెడకుండా, అక్షరం పోకుండా



ఎప్పుడూ జీవామృతం, కషాయాల గురించి చెప్పే నేను ఈసారి కాగితాల గురించి చెప్తున్నాను. పై వీడియోలో ఫోన్ పట్టుకుని ఒక్కొక్క పని చేసి చూపించాను. వీడియోలో తొందరగా దాటిపోయిన లెక్కలు, కారణాలు ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. ఒకసారి వీడియో చూసి, తర్వాత ఇది చదవండి. అప్పుడు బాగా పట్టుబడుతుంది.

ప్రకృతి సేద్యానికీ ఫైలు సైజుకూ ఏం సంబంధం అంటారేమో. చాలా ఉంది. పీజీఎస్ సర్టిఫికెట్ కావాలంటే కనీసం ఐదుగురు రైతులు గ్రూపు కట్టాలి. అందరి కాగితాలూ సక్కగా ఉండాలి. ఒక్కరి దగ్గర ఆగితే మిగతా నలుగురూ ఆగాల్సిందే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో గ్రూపులతో తిరిగేటప్పుడు నేను ఎక్కువసార్లు విన్న మాట పురుగు గురించి కాదు, తెగులు గురించి కాదు. "అన్నా, ఫైలు ఎక్కుతలేదే!" ఇదీ ఆ మాట.

నేను చేసిన తప్పు

మానుకోట దగ్గర ఒక ఊళ్లో ఐదుగురు మిర్చి రైతులు గ్రూపు కట్టారు. వాళ్ల కాగితాలు ఎక్కించే పని నేనే మీదేసుకున్నాను. అందులో ఒక పెద్దాయన పాసుబుక్కు ఫోటో 4 ఎంబీ వచ్చింది. అక్కడ 200 కేబీ లోపే ఉండాలన్నారు. నేను ఫోన్‌లో ఏదో ఒక యాప్ తెరిచి, బాగా తగ్గించు అనే మీట నొక్కాను. 30 కేబీకి దిగింది. సంబరపడి ఎక్కించేశాను. తెరిచి చూడలేదు.

కొన్నాళ్లకు దరఖాస్తు వాపస్ వచ్చింది. సర్వే నంబరు సరిపోవడం లేదన్నారు. అప్పుడు ఫైలు తెరిచి పెద్దది చేసి చూశాను. పెద్దాయన భూమి 214/ఆ. ఫైలులో అది 214/అ లాగా కనిపిస్తోంది. 'ఆ'కు కుడి పక్కన ఉండే చిన్న మెలిక కరిగిపోయింది. 214/అ ఎవరిదనుకున్నారు? ఆయన తమ్మునిది! పాలు పంచుకున్నప్పుడు ఒకే సర్వే నంబరులో బై నంబర్లు పడ్డాయి.

పెద్దాయన నవ్వుతూనే అన్నాడు: "మేం ఇద్దరం పంచుకుని ఇరవై ఏండ్లాయె కొడుకా. నువ్వు ఒక్క మీట నొక్కి మళ్ల కలిపినవ్."

ఆయన నవ్వాడు గానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఐదుగురి పని ఆగింది నా తొందరపాటు వల్లే. ఆ తర్వాతే ఈ సంగతి కూర్చుని నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్తాను: ఫైలు బరువు తగ్గించడమంటే వడ్లు చెరగడమే. పొల్లు పోవాలి, గింజ పోకూడదు. ఏది పొల్లో, ఏది గింజో ముందు తెలియాలి.

ఫైలుకు బరువు ఎక్కడి నుంచి వస్తుంది?

ఫోటో అంటే చుక్కల మడి. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు వస్తాయి. మొత్తం సుమారు 87 లక్షలు. రంగుల ఫోటోలో ఒక్కో చుక్కకు మూడు బైట్లు కావాలి. అంటే నొక్కకముందు దాని బరువు దాదాపు 26 ఎంబీ. అదే కాగితాన్ని నలుపు, బూడిద ఛాయల్లో తీస్తే చుక్కకు ఒక్క బైటు చాలు. బరువు దాదాపు 8.7 ఎంబీకి దిగుతుంది. చుక్కలు ఒక్కటీ తగ్గలేదు, రంగు మాత్రమే పోయింది.

ఇంకో లెక్క. 300 చుక్కల బదులు 150 పెడితే బరువు సగం అవుతుందనుకుంటాం. కాదు, నాలుగో వంతు అవుతుంది. చెలక పొడవు సగం, వెడల్పు సగం చేస్తే విస్తీర్ణం పావు వంతే కదా, ఇదీ అంతే. అందుకే చుక్కలు కొద్దిగా తగ్గించినా బరువు చాలా దిగుతుంది.

ఆ తర్వాత జేపెగ్ అనే పద్ధతి దాన్ని ఇంకా నొక్కుతుంది. 1992లో ప్రమాణంగా వచ్చిన పద్ధతి ఇది. ఫోటోను 8 చుక్కలకు 8 చుక్కల చిన్న చిన్న మళ్లుగా కోసి, మన కంటికి పెద్దగా తెలియని సన్నని తేడాలను వదిలేస్తుంది. ఆకు, మట్టి, ఆకాశం ఫోటోల్లో అది తెలియదు. కానీ తెల్ల కాగితం మీద నల్ల అక్షరం అంచు ఉంటుంది చూడండి, అక్కడే దెబ్బ పడుతుంది. క్వాలిటీ మరీ తగ్గిస్తే అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మసక వస్తుంది. నేను చేసిన తప్పు ఇదే. చుక్కలు, క్వాలిటీ రెండూ ఒకేసారి అడుగుకు దించేశాను.

ఏ వరుసలో తగ్గించాలి?

వరుసే ముఖ్యం. ముందు పొల్లు తీయండి. క్వాలిటీని ముట్టుకోవడం ఆఖరున.

1. ఫోటో బాగా తీయండి. పొద్దున నీడపట్టున, వాకిట్లో, పాసుబుక్కు కింద నల్ల గుడ్డ పరిచి, ఫోన్‌ను సరిగ్గా పైనుంచి పట్టుకోండి. ఫ్లాష్ వద్దు, ప్లాస్టిక్ కవర్ మీద మెరుస్తుంది. మసక ఫోటోను ఏ యాప్ కూడా బాగుచేయలేదు. నాసిరకం విత్తనం వేసి ఎంత జీవామృతం పోస్తే ఏం లాభం?

2. అంచులు కత్తిరించండి. గుడ్డ, చాప, మన వేళ్లు, అన్నీ బరువే. కాగితం వరకే ఉంచండి.

3. రంగు తీసేయండి. గ్రేస్కేల్ పెట్టుకోండి. కానీ 'బ్లాక్ అండ్ వైట్' అనే దానితో జాగ్రత్త. అందులో ప్రతి చుక్కా అయితే నలుపు, లేకుంటే తెలుపు. అచ్చు కాగితానికి అది మంచిదే, చాలా చిన్న ఫైలు వస్తుంది. వెలిసిన ముద్ర, పలచని సంతకం మాత్రం మాయమైపోతాయి. రంగు కాపీయే కావాలని అడిగిన చోట ఈ మెట్టు వదిలేయండి.

4. చుక్కలు తగ్గించండి. ఫోన్ ఫోటో 4000కు 3000 చుక్కలు ఉందనుకోండి, 1 కోటి 20 లక్షలు. పాసుబుక్కు ఒక పేజీకి 1600కు 1200 సరిపోతుంది. అది 19 లక్షల 20 వేలు, అంటే ఆరో వంతు కంటే తక్కువ.

5. అప్పుడు క్వాలిటీ. నూటికి 70 దగ్గర మొదలుపెట్టండి. సైజు ఇంకా ఎక్కువుంటే 60. అంతకంటే దిగాల్సి వస్తే నాలుగో మెట్టుకు వెనక్కి వెళ్లి చుక్కలు ఇంకొంచెం తగ్గించి చూడండి.

6. పీడీఎఫ్ చేసి, తెరిచి, పెద్దది చేసి చూడండి. నేను వదిలేసిన మెట్టు ఇదే.

ఈ వరుసలో చేస్తే నాకు మామూలుగా ఒక పేజీ 200 కేబీ లోపే వస్తోంది. మీకు ఎక్కువ వస్తే మొదటి రెండు మెట్లు మళ్లీ చూసుకోండి. చాలావరకు తప్పు అక్కడే ఉంటుంది.

తెలుగు అక్షరానికి చుక్కలు ఎక్కువ కావాలి

ఇంగ్లీషు కాగితానికి సరిపోయిన సైజు తెలుగు కాగితానికి సరిపోదు. మన అక్షరాల్లో తేడా అంతా చిన్న చిన్న గీతల్లో ఉంటుంది. 'ద'కూ 'ధ'కూ తేడా ఒక చిన్న గీత. 'ప', 'వ' పక్కపక్కన పెట్టి చూడండి. కింద వత్తులు ఇంకా చిన్నవి. అవి కరిగితే మనిషి పేరే మారిపోతుంది, ఆధార్‌లో పేరుతో కలవదు. అందుకే నేను తెలుగు కాగితాలకు అంగుళానికి 200 చుక్కల కంటే కిందికి దిగను. ఇంగ్లీషు అచ్చు కాగితమైతే 150 దాకా దిగుతాను.

అంకెల్లో 3, 6, 8 చూడండి. రెండెకరాల పదహారు గుంటలు రెండెకరాల పద్దెనిమిది గుంటలుగా కనిపిస్తే? గుంట అంటే 121 గజాలు. రెండు గుంటలు అటో ఇటో అయితే చూసే అధికారికి అనుమానం రాక మానదు.

ఇది నా ఒక్కడికే జరిగింది కాదు. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక ఇంటి ప్లాన్‌ను జిరాక్స్ కంపెనీ మిషన్‌లో స్కాన్ చేస్తే, వేరువేరు విస్తీర్ణాలున్న గదులు కాపీలో ఒకే విస్తీర్ణంతో వచ్చాయి. 6 ఉన్న చోట 8 వచ్చిన కాగితాలూ బయటపడ్డాయి. కారణం ఏంటంటే, ఫైలు చిన్నగా రావాలని ఆ మిషన్ ఒకేలా కనిపించే అక్షరాలను ఒక్కటిగా లెక్కగట్టి, ఒకదాని బొమ్మనే అన్ని చోట్లా అతికిస్తోంది. మసకగా వచ్చి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేది. అంకె స్పష్టంగా ఉంది, కానీ తప్పుగా ఉంది! కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది. మనం నేర్చుకోవాల్సింది ఏంటంటే, ఫైలు స్పష్టంగా ఉందా అని చూస్తే సరిపోదు. అసలు కాగితం పక్కన పెట్టుకుని అంకెకు అంకె కలిపి చూడాలి.

విత్తన కాపీ దాచుకోండి

మన ఇళ్లల్లో విత్తనం వడ్లు వేరే కుండలో దాచేవాళ్లు. ఎంత కష్టం వచ్చినా వాటిని దంచుకునేవాళ్లు కాదు. కాగితానికి కూడా అంతే. మొదట తీసిన పెద్ద ఫోటోను 'అసలు' అనే ఫోల్డర్‌లో పెట్టి ముట్టుకోకండి. దాని నుంచి ఒక కాపీ తీసి దాన్నే తగ్గించండి. ఒకసారి తగ్గించిన జేపెగ్‌ను మళ్లీ తగ్గించి, మళ్లీ తగ్గించి పంపిస్తుంటే ప్రతిసారీ కొంత పోతుంది. పోయింది తిరిగి రాదు. వేరే దరఖాస్తుకు వేరే సైజు అడిగితే మళ్లీ అసలు నుంచే తీయాలి.

పాత కాగితాలకు ఇది ఇంకా ముఖ్యం. తాతల నాటి చేతిరాత పహాణీలు, తెల్ల కాగితాల మీద రాసుకున్న ఒప్పందాలు, కొత్తగూడ, గంగారం వైపు అటవీ హక్కుల పట్టాలు, ఇవన్నీ రోజురోజుకీ వెలిసిపోతున్నాయి. వాటిని రంగుల్లోనే, 300 చుక్కలతో తీసి దాచండి. సైజు ఎంత పెద్దదైనా పర్వాలేదు. మన మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి కాబట్టి పాత కాగితాల మీద పాత జిల్లా పేరే ఉంటుంది. అందుకే ఫైలు పేరులో ఊరు, సర్వే నంబరు రాసుకుంటే వెతుక్కోవడం తేలిక.

డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్‌ను ఫోటో తీయకండి

చాలామంది చేసే పని ఇది. పోర్టల్ నుంచి వచ్చిన పీడీఎఫ్‌ను ప్రింట్ తీసి, దాన్ని ఫోటో కొట్టి, మళ్లీ పీడీఎఫ్ చేస్తారు. అలా వచ్చిన పీడీఎఫ్‌లో మామూలుగా అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి, చుక్కలుగా కాదు. ఎంత పెద్దది చేసినా చెడవు, సైజు కూడా చిన్నదే. దాన్నే నేరుగా ఎక్కించండి.

చాలా పేజీలుంటే కంప్యూటర్ మంచిది. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో ఫైలు తెరిచి, పీడీఎఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు జేపెగ్ క్వాలిటీ, బొమ్మల రిజల్యూషన్ రెండూ మనమే పెట్టుకోవచ్చు. వీడియో చివర్లో ఇది చూపించాను.

రెండు జాగ్రత్తలు

వాట్సాప్‌లో పాసుబుక్కును ఫోటోగా పంపితే అది తనంతట తానే నొక్కేస్తుంది. 'డాక్యుమెంట్'గా పంపండి, ఉన్నది ఉన్నట్టే వస్తుంది. భూపాలపల్లి జిల్లాలో పలిమెల, మహాముత్తారం లాంటి అడవి పక్క ఊళ్ల నుంచి సిగ్నల్ సరిగా లేక పెద్ద ఫైలు పోకపోతే, ఒక్కో పేజీ విడిగా పంపించండి.

రెండోది, ఫైలు తగ్గిస్తామని చెప్పే ఉచిత వెబ్‌సైట్లలో ఆధార్, బ్యాంకు పుస్తకం ఎక్కించకండి. మన కాగితం ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు. ఫోన్‌లోనే పనిచేసే యాప్ వాడండి. ఒప్పుకునే చోట మాస్క్ చేసిన ఆధార్ ఇవ్వండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

ఎక్కించే ముందు ఈ నాలుగూ చూడండి

సర్వే నంబరు, దాని బై నంబరు. ఎకరాలు, గుంటలు. పేరు, తండ్రి పేరు. ముద్ర, సంతకం. ఈ నాలుగింటినీ పెద్దది చేసి, అసలు కాగితంతో కలిపి చూసి, అప్పుడు మీట నొక్కండి. రెండు నిమిషాల పని.

పెద్దాయన పాసుబుక్కును మళ్లీ వాకిట్లో, నల్ల గుడ్డ మీద పెట్టి ఫోటో తీశాను. ఈసారి 170 కేబీ వచ్చింది. ఎక్కించే ముందు ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని వేలితో తెరను జరిపి జరిపి చూశాడు. 'ఆ' మెలిక దగ్గర ఆగి, "ఆఁ, ఇది నాదే" అన్నాడు. దరఖాస్తు ముందుకు కదిలింది.

మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే వాళ్లతో కూర్చుని ఈ వీడియో చూడండి. ఒకసారి నేర్చుకుంటే ఊరందరికీ చేసిపెట్టొచ్చు. వచ్చే వీడియోలో మళ్లీ మన చేను దగ్గరే కలుద్దాం.