రైతు కంపెనీకి సేంద్రియ సర్టిఫికెట్: బయటి తనిఖీకి మన సంఘం ఎట్లా సిద్ధం కావాలి?

బోథ్ మండల సేంద్రియ సాగు రైతులకు సమాచారం



బోథ్ చుట్టుపక్కల నల్లరేగడి చెలకల్లో మీరు పత్తి, సోయా, కంది వేస్తున్నారు. మందులు లేకుండా పండించినా కాంటా దగ్గర ఆ మాట చెప్తే వ్యాపారి నమ్మడు. "కాగితం ఏది?" అంటాడు. ఆ కాగితం ఎవరు ఇస్తారు, దానికి మీరు ఏం చేయాలి అనేది ఈ పాఠంలో తెలుసుకుందాం.

సర్టిఫికెట్ దేనికి ఇస్తారు?

చాలామంది ఇది తమ చెలకకు వచ్చే కాగితం అనుకుంటారు. చిన్న రైతులు గ్రూపుగా తీసుకుంటే అది గ్రూపు నడిచే పద్ధతికి వచ్చే కాగితం. గ్రూపు తన సభ్యులను తానే ఎట్లా తనిఖీ చేసుకుంటున్నది, లెక్కలు ఎట్లా రాస్తున్నది అని బయటి సంస్థ వచ్చి చూస్తుంది. ఈ లోపలి ఏర్పాటును అంతర్గత నియంత్రణ వ్యవస్థ అంటారు. పెద్ద ఫ్యాక్టరీలు పర్యావరణ నిర్వహణకు తీసుకునే ఐఎస్ఓ 14001 కూడా ఇట్లనే నడుస్తుంది. ముందు లోపలి తనిఖీ, ఆ తర్వాత సంబంధం లేని బయటి సంస్థ తనిఖీ.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే దీనికి ఉదాహరణ ఉంది. 2004లో మొదలైన చేతనా ఆర్గానిక్ ఇక్కడి గిరిజన పత్తి రైతులను సంఘాలుగా కూడగట్టింది. తర్వాత రైతులే వాటాదారులుగా ఉత్పత్తిదారుల కంపెనీ ఏర్పడింది. ఒక్కో రైతు విడిగా సర్టిఫికెట్ ఖర్చు భరించలేడు. గ్రూపుగా కలిస్తేనే అది సాధ్యం.

రెండు దారులు

1. పీజీఎస్ ఇండియా: కనీసం 5 మంది రైతులు గ్రూపు కట్టి ఒకరి చెలకను ఒకరు చూసి ధ్రువీకరించుకుంటారు. ఖర్చు తక్కువ. దేశంలోపల అమ్ముకోవడానికి పనికొస్తుంది.

2. ఎన్‌పీఓపీ: 2001 నుంచి అమల్లో ఉన్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం. గ్రూపులో 25 నుంచి 500 మంది వరకు ఉండవచ్చు. గుర్తింపు ఉన్న బయటి సంస్థ తనిఖీ చేస్తుంది. విదేశాలకు పోయే సరుకుకు ఇదే కావాలి. 2025లో వచ్చిన కొత్త నియమాల ప్రకారం గ్రూపు చట్టబద్ధంగా రిజిస్టర్ అయి ఉండాలి. కాబట్టి సొసైటీ గానీ, రైతు ఉత్పత్తిదారుల కంపెనీ గానీ ఉంటే మేలు.

ఈ కార్యక్రమాన్ని నడిపించేది అపెడా. సర్టిఫికెట్ ఇచ్చేవి మాత్రం గుర్తింపు పొందిన సంస్థలు. మన రాష్ట్రంలో తెలంగాణ రాష్ట్ర విత్తన, సేంద్రియ ధ్రువీకరణ సంస్థ కూడా ఉంది.

ఎన్ని రోజులు పడుతుంది?

ఎన్‌పీఓపీ కింద పత్తి, సోయా వంటి ఏడాది పంటలకు రెండేళ్ల మార్పిడి కాలం ఉంటుంది. రెండేళ్లు నిండిన తర్వాత విత్తిన పంటనే సేంద్రియం అని అమ్మాలి. ఈ రెండేళ్లలో దిగుబడి తగ్గవచ్చు, సేంద్రియ ధర కూడా రాదు. ఇది ముందే తెలుసుకుని ఇంట్లో అందరూ మాట్లాడుకుని చేరండి. మొదట అర ఎకరమో, ఎకరమో పెట్టి చూడాలనుకుంటే ఆ ముక్కలో మిగతా చెలకలో వేసే పంట వేయకండి. ఒకే పంట రెండు రకాలుగా పండిస్తే సరుకు కలిసిపోయిందన్న అనుమానం వస్తుంది.

మీ దగ్గర ఉండవలసినవి

• పట్టాదారు పాస్‌బుక్ లేదా పోడు పట్టా నకలు. కౌలు చెలకైతే యజమాని ఒప్పుకున్న కాగితం.
• చెలక పటం. నాలుగు దిక్కులా ఎవరి చెలక ఉంది, వాళ్లు ఏం వేస్తారు, పై నుంచి నీళ్లు ఎటు వస్తాయి అనేది గీయాలి.
• గ్రూపుతో చేసుకున్న ఒప్పందం.
• సాగు డైరీ. విత్తనం, ఎరువు, కషాయం, పత్తి ఏరిన తేదీ, బరువు రాయాలి. చదువు రాకపోతే ఇంట్లో పిల్లలతో రాయించండి, కానీ ఏ రోజుది ఆ రోజే.
• విత్తనం కొన్న రశీదు, ఖాళీ ప్యాకెట్టు.

ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే

విత్తనం: సేంద్రియ సాగులో జన్యుమార్పిడి విత్తనం పనికిరాదు. మన దేశంలో సాగుకు అనుమతి ఉన్న జన్యుమార్పిడి పంట 2002లో వచ్చిన బీటీ పత్తి. దుకాణాల్లో ఎక్కువగా దొరికేది అదే కాబట్టి నాన్‌బీటీ విత్తనం కోసం గ్రూపు ఎండాకాలంలోనే ఆర్డరు పెట్టాలి. గడ్డిమందు తట్టుకుంటుందని చాటుగా అమ్మే పత్తి విత్తనం చట్టవిరుద్ధం, దాని జోలికి పోవద్దు. కంది, సోయా విత్తనానికి రంగు మందు పట్టించి ఉందా అని కూడా అడగండి.

స్ప్రే పంపు: పక్క రైతు దగ్గర పురుగుమందు కొట్టిన పంపు తెచ్చి వేప కషాయం కొట్టినా అవశేషాలు బయటపడతాయి. గ్రూపుకు విడిగా పంపులు పెట్టుకోండి.

సంచులు: యూరియా సంచుల్లో పత్తి నింపొద్దు. ఇంట్లో మందు డబ్బాలున్న అర్రలో పంట పోయొద్దు.

గెట్టు: పక్క చెలకలో మందు కొడితే గాలికి మీ మీద పడుతుంది. గెట్టు వెంట కొంత జాగా విడిచి కంది లేదా జొన్న సాళ్లు వేయండి. ఆ అంచు సాళ్ల పంటను విడిగా కోసి విడిగా అమ్మండి.

తనిఖీ ఎట్లా జరుగుతుంది?

గ్రూపు తనిఖీదారు ప్రతి సభ్యుడి చెలకకు ఏడాదికి కనీసం రెండుసార్లు రావాలి. ఎవరూ తన చెలకను గానీ, తన చుట్టాల చెలకను గానీ తనిఖీ చేయొద్దు. తర్వాత బయటి సంస్థ తనిఖీదారు వస్తాడు. ఆయన అందరి దగ్గరికీ రాడు. కొందరిని ఎంచుకుని పోతాడు, ఆకు, మట్టి, పత్తి నమూనాలు తీయవచ్చు. గ్రూపు రాసిన లెక్కను ఆ కొద్దిమంది చెలకలతో పోల్చి చూస్తాడు.

మీ చెలకలో మందు కొట్టాల్సి వచ్చిందా? వెంటనే గ్రూపుకు చెప్పండి. ఆ పంటను విడిగా ఉంచి మామూలు ధరకు అమ్ముతారు, మీ చెలక మళ్లీ మార్పిడి కాలానికి పోతుంది. నష్టం మీ వరకే ఆగుతుంది. దాచిపెట్టి నమూనాలో దొరికితే గ్రూపు పద్ధతే పనిచేయడం లేదని అర్థం. అప్పుడు అందరి సర్టిఫికెట్ ఆగిపోవచ్చు. మందు ముట్టని ఇంటోళ్లు కూడా మామూలు ధరకే అమ్ముకోవాల్సి వస్తుంది.

సర్టిఫికెట్ ఏడాదికి ఒకసారి పొడిగించుకోవాలి. సరుకు అమ్మిన ప్రతిసారీ ఆ లాటుకు విడిగా లావాదేవీ సర్టిఫికెట్ కావాలి. మీ డైరీలో 6 క్వింటాళ్లు రాసి ఉంటే 9 క్వింటాళ్లకు కాగితం రాదు.

పైసల సంగతి

పరంపరాగత్ కృషి వికాస్ యోజన కింద మీ గ్రూపుకు మంజూరు ఉంటే మూడేళ్లకు హెక్టారుకు రూ.31,500 సాయం ఉంటుంది. అందులో రూ.15,000 సేంద్రియ ఎరువులు, కషాయాల కోసం నేరుగా రైతు ఖాతాలో పడుతుంది. ఒక హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఈ పథకం ముఖ్యంగా పీజీఎస్ దారిలో నడుస్తుంది. బయటి తనిఖీ ఫీజు ఎవరు కట్టాలి, సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుంది అని సంతకం పెట్టే ముందే అడగండి. కాగితం కొనే వ్యాపారి పేరు మీద ఉంటే సేంద్రియ పంటగా మీరు ఆయనకు తప్ప వేరేవాళ్లకు అమ్ముకోలేరు.

"పైసలిస్తే తనిఖీ లేకుండానే సర్టిఫికెట్ తెస్తా" అనేవాళ్లను నమ్మకండి. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ మీకు సలహాదారుగా కూడా పనిచేయకూడదు.

ఇప్పుడు చేయవలసిన పని

మీ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని కలిసి గ్రూపు ఉందా, ఏ దారిలో ఉంది అని అడగండి. గిరిజన రైతులు ఉట్నూరు ఐటీడీఏలో కూడా విచారించవచ్చు. ఈ వానకాలం నుంచే డైరీ మొదలుపెట్టండి.